మెడకు కట్టిన ముల్లుగర్ర

ఎద్దును అదిలించడానికి కొసన మేకు దిగ్గొట్టిన ముల్లుగర్రను వాడటం మన దేశంలో నేరం. బండి లాగే, బరువులు మోసే పశువుల కోసం కేంద్రం 1965లో తెచ్చిన నిబంధనల్లో ఎనిమిదోది ఆ సంగతిని విడమరిచి చెబుతుంది: ముళ్లున్న కర్ర గానీ, ముళ్లున్న కళ్లెం గానీ, ముళ్లున్న కాడి గానీ, తీవ్రమైన నొప్పి కలిగించే మరే పరికరం గానీ పశువును అదుపు చేయడానికి వాడకూడదు. ఆ నిబంధన వచ్చి అరవై ఏళ్లయింది. ఇవాళ అదే దేశంలో రెండు లోహపు మొనలున్న పట్టీని కుక్క మెడకు బిగించి, దూరం నుంచి రిమోట్ నొక్కి విద్యుత్ షాక్ ఇచ్చే ఎలక్ట్రానిక్ కాలర్‌ను ఎవరైనా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఎద్దు వీపు మీద తప్పయినది కుక్క గొంతు మీద ఒప్పు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. దీన్ని నిషేధించాలి.

తయారీదారులు దీన్ని షాక్ అనరు. ‘స్టిమ్యులేషన్’ అంటారు, ‘చిన్న చురుకు’ అంటారు. ‘నా చేతి మీద పెట్టుకుని చూశాను, ఏమీ కాలేదు’ అని యజమానులు కూడా చెబుతుంటారు. తన చేతి మీద పెట్టుకున్నవాడికి అది ఎప్పుడు వస్తుందో తెలుసు, ఎందుకు వస్తుందో తెలుసు, వద్దనుకుంటే ఆపుకోగలడు కూడా. కుక్కకు ఈ మూడూ లేవు. ఈ వివాదంలో ఓల్టుల లెక్క కన్నా ముఖ్యమైనది ఇదే.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో ప్రచురించిన ప్రయోగాలను మనస్తత్వశాస్త్రం చదివిన ప్రతివారూ ఎరుగుదురు. కొన్ని కుక్కలకు తాము ఆపుకోగల షాకులు ఇచ్చారు, మరికొన్నింటికి ఏం చేసినా ఆగని షాకులు ఇచ్చారు. తర్వాత అన్నింటినీ చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగల పెట్టెలో ఉంచినప్పుడు, మొదటి రకం కుక్కలు దూకేశాయి. రెండో రకంలో చాలా కుక్కలు కాసేపు మూలిగి, ఆపైన కింద పడుకుని షాకును భరిస్తూ ఉండిపోయాయి. బయటి నుంచి చూసేవారికి ఆ పడుకున్న కుక్క ఎంతో శాంతంగా కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ కాలర్ మీద నా అసలు అభ్యంతరం నొప్పి ఒక్కటే కాదు. అది భయాన్ని బుద్ధిగా చూపిస్తుంది. కుక్క ‘మారింది’ అని మనల్ని నమ్మిస్తుంది. ఆ నమ్మకం వల్ల దాని బాధను గుర్తించే అవకాశం కూడా మనకు పోతుంది.

మొరిగితే తనంతట తానే షాక్ ఇచ్చే కాలర్‌ను మిత్రుడొకరు తమ లాబ్రడార్‌కు కట్టారు. పై అంతస్తువారి ఫిర్యాదులు భరించలేక చేసిన పని అది. నెల తర్వాత వెళ్తే కాలింగ్ బెల్ మోగగానే ఆ కుక్క సోఫా కిందికి దూరింది. ‘చూశావా, ఎంత బుద్ధిగా ఉందో’ అన్నారాయన. ఆయన క్రూరుడు కాడు. ఆ కుక్కకు తన చేత్తో అన్నం కలిపి పెట్టే మనిషి. కానీ బెల్ మోగడం, ఇంటికి మనిషి రావడం, మెడ మీద నొప్పి, ఈ మూడూ ఆ కుక్క మనసులో ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. దారిన పోయే పిల్లవాణ్ణి చూసి మొరిగిన క్షణంలో షాక్ తగిలితే ఆ నొప్పికి కారణం ఆ పిల్లవాడే అని కుక్క అనుకోవచ్చు. గుర్రుమంటే శిక్ష పడుతుందని నేర్చుకున్న కుక్క రేపు గుర్రుమనకుండానే కరవవచ్చు.

పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. 2004లో నెదర్లాండ్స్‌లో షిల్డర్, వాన్ డెర్ బోర్గ్ పరిశీలించిన కాపలా కుక్కల్లో, షాక్‌తో శిక్షణ పొందినవి శిక్షణ మైదానంలోనే కాక మామూలుగా పార్కులో తిరుగుతున్నప్పుడూ మిగతావాటి కన్నా ఎక్కువ ఒత్తిడి చూపించాయి. జర్మనీలోని హానోవర్ పరిశోధకులు 2007లో వెల్లడించిన ఫలితం నాకు మరింత కీలకంగా కనిపిస్తుంది. షాక్ ఎందుకు వస్తోందో స్పష్టంగా గ్రహించగలిగిన బీగిల్ కుక్కల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెద్దగా పెరగలేదు. గ్రహించలేని కుక్కల్లో బాగా పెరిగింది. అంటే ఈ పరికరం కొంతైనా నిరపాయంగా ఉండాలంటే ప్రయోగశాలలో ఉండేంత కచ్చితత్వం కావాలి. సాయంత్రం ఆఫీసు నుంచి అలసి వచ్చి, ఒక చేత ఫోను, మరో చేత రిమోట్ పట్టుకున్న యజమాని దగ్గర అది ఎక్కడి నుంచి వస్తుంది?

కాలర్‌ను సమర్థించేవారి వాదనలో బలమైనది ఒకటుంది: గొర్రెల మీద పడే కుక్కను, రోడ్డు మీదికి పరిగెత్తే కుక్కను బిస్కెట్లతో ఆపలేం, దాని ప్రాణం కోసమే ఈ షాక్ అని. పరుగెత్తే వస్తువును వెంటాడటాన్ని కాలర్ త్వరగా మాన్పిస్తుందని 2024లో వచ్చిన ఒక అధ్యయనం చూపిన మాట నిజమే, కానీ అందులో ఉన్నవి 19 కుక్కలు. బ్రిటన్‌లో లింకన్ విశ్వవిద్యాలయం 63 కుక్కలతో, కాలర్ తయారీదారులే సూచించిన శిక్షకులను కూడా చేర్చుకుని పరీక్షించినప్పుడు, బహుమతితో నేర్పిన కుక్కల కన్నా కాలర్ కుక్కలు ఏ విధంగానూ మెరుగ్గా లేవు. ఇక రోడ్డు మీదికి పోకుండా ఆపడానికి గొలుసు చాలు.

ఇంత తెలిసినా ఈ కాలర్ మనకు సహజంగా తోచడానికి కారణం మన పెంపకంలోనే ఉంది. ‘దండం దశగుణం భవేత్’ అన్న మాట వినని తెలుగు విద్యార్థి ఉండడు. బెత్తం ఎత్తిన ప్రతి పంతులూ దాన్నే వల్లించాడు. ఆ శ్లోకం మొత్తం చదివితే తెలుస్తుంది, అది చేతికర్ర ఉపయోగాల జాబితా: పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. ఈ పదింటిలో విద్యార్థి లేడు. కుక్క ఉంది, కానీ అది దారిలో మీదికి వచ్చే కుక్కను దూరంగా ఉంచుకోవడానికే తప్ప పెంచుకున్న కుక్కకు పాఠం చెప్పడానికి కాదు. నడవడానికి ఊతంగా చెప్పిన కర్రను కొట్టడానికి సాక్ష్యంగా మార్చుకున్నాం. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ బడిలో శారీరక శిక్షను నిషేధించింది. అయినా తరగతిలో చీమ చిటుక్కుమనకపోతే దాన్ని మంచి బడి అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. పిల్లల విషయంలో ఆ నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అనుకున్నవారికి సోఫా కింద దాక్కున్న కుక్క బుద్ధిమంతురాలిగా కనిపించడంలో వింతేముంది?

చట్టపరంగా చేయవలసింది పెద్దదేమీ కాదు. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం పదకొండో సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇంత తక్కువ శిక్షతో ఏ కేసూ ఎవరినీ ఆపదు. కానీ అదే చట్టం ముప్పై ఎనిమిదో సెక్షన్ నిబంధనలు చేసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ముల్లుగర్రను 1965లో నిషేధించింది ఆ అధికారంతోనే. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే ఈ కాలర్ వాడకాన్ని నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి అమలు కావలసిన నిషేధం మాత్రం బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ఆమోదం పొందకుండానే ఆగిపోయింది. అయితే వేల్స్ వాడకాన్ని ఆపింది గానీ అమ్మకాన్ని కాదు. మనం ఆ పొరపాటు చేయకూడదు. నాలుగు గోడల మధ్య కుక్క మెడకు ఏం కట్టి ఉందో ఏ పశుసంవర్ధక అధికారీ ఇంటింటికీ తిరిగి చూడలేడు. కాబట్టి నిబంధన వాడకంతో పాటు దిగుమతినీ, ఆన్‌లైన్ అమ్మకాన్నీ కూడా ఆపాలి.