పంక్తి చివరి ఖాళీలు పట్టారు, డేటా పోయే సూచన వదిలేశారు

సాఫ్ట్‌వేర్ వాడుక పత్రంలో ఒక తప్పు దిద్ది ఇవాళ నేను పంపిన సవరణ సమీక్ష నుంచి తిరిగి వచ్చింది. రెండు పంక్తుల చివర ఖాళీలు మిగిలాయట! మామూలు అక్షరాల్లోనే చిన్న గుర్తులతో పత్రం రాసే మార్క్‌డౌన్‌లో అయితే ఒప్పుకుంటాను, అక్కడ పంక్తి చివరి రెండు ఖాళీలకు అర్థం ఉంది, తర్వాతి మాట కింది పంక్తికి దిగుతుంది. మాది డాక్‌బుక్, అంటే పేరా, దశ లాంటి ప్రతి భాగాన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్యాగుల మధ్య పెట్టి రాసే పద్ధతి. మామూలు పేరాలో పంక్తి చివర ఎన్ని ఖాళీలున్నా చదివేవాళ్ల కంట పడనే పడవు.

నేను సవరించినది ఏమిటో వినండి. పత్రంలో పాత డేటాబేస్‌ను తొలగించడం మూడో దశగా, దాని బ్యాకప్ తీసుకోవడం నాలుగో దశగా ఉండేది. ఆ వరుస నమ్మి చేసినవాళ్లకు నాలుగో దశలో బ్యాకప్ తీయడానికి ఏం మిగులుతుంది? ఆ ఫైలు ఎన్నాళ్లుగానో ప్రతి తనిఖీలోనూ నెగ్గుతూ వచ్చింది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను తనిఖీ చేసే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ ఒక్క మాట అనలేదు, అనదు కూడా. తెరిచిన ట్యాగులు మూశామా, ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే స్కీమా ఒప్పుకున్న చోటే పెట్టామా అన్నంత వరకే దాని పని. తారుమారైనా దశలు దశలే. 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణం వచ్చిన నాటి నుంచి 'వ్యాలిడ్' అంటే నిర్మాణం నియమాలకు లోబడి ఉందని మాత్రమే. ఆ మాటను 'విషయం సరైనది' అని చదువుకుంటున్నది మనుషులు.

పనిముట్ల మీద నాకు కోపం లేదు. అక్షరదోషాలకు ఆస్పెల్, ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు పడితే పట్టిచ్చే ఇగోర్, ఇవి నడపకుండా నేను ఏ ఫైలూ పంపను. వాటి మౌనాన్ని ఆమోదంగా తీసుకుని, పత్రం చదవకుండానే సరే అనే సమీక్షకుల మీదే నా కోపమంతా. తొలగింపు దశలకు ఒక గుర్తు పెట్టుకుంటే, వాటికి ముందు హెచ్చరిక ఉందో లేదో స్కీమాట్రాన్ (ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లకు మన సొంత తనిఖీ నియమాలు రాసుకునే భాష) నియమంతో చూడవచ్చు. ఆ నియమం రాసి ఇచ్చాను కూడా. తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఇప్పటికీ రాలేదు.

అసలు ఈ నిర్లక్ష్యం ఇవాళ్టిది కాదు. కోడ్‌లో ఒక పంక్తి మారితే ఇద్దరు చదువుతారు, పరీక్షలన్నీ నడుపుతారు. పత్రంలో ఉన్న ఆదేశాన్ని ఒక్కసారి నడిపి చూసే నాథుడు లేడు. పత్రంలోని ఉదాహరణలను నడిపి ఫలితం పోల్చే డాక్‌టెస్ట్ పైథాన్‌లో 2001 నుంచే ఉంది. మన దగ్గర మాత్రం విడుదల రేపనగా ఫైలు చేతిలో పెట్టి కామాలు సరిచూడమంటారు! ఒకసారి, ఆదేశంలోని రెండు అడ్డగీతలను ముస్తాబు చేసే సదుపాయం ఒక పొడవు గీతగా మార్చేసింది. కాపీ చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఆదేశం విఫలమైంది. అది రాసినవాళ్ల తప్పని నన్ను నిలదీశారు. నేను టైపు చేసినవి రెండు గీతలేనని ఫైలు తెరిచి చూపించాల్సి వచ్చింది. ఆ రోజు మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇవాళ ఆ ఖాళీలు తీసేసి మళ్లీ పంపాను. పనిముట్ల తనిఖీలన్నీ నెగ్గినట్టు పచ్చ గుర్తు పడిన రెండు నిమిషాలకే ఆమోదం వచ్చింది. మూడో దశ గురించి గానీ నాలుగో దశ గురించి గానీ ఒక్క వ్యాఖ్య లేదు.