పన్ను కట్టేస్తే పనైపోతుందా?

"పన్నులు కట్టేదీ మనమే, చాకిరీ చేసేదీ మనమేనా? ప్రభుత్వ పనుల్లో సాయానికి వెళ్ళేవాళ్ళంతా ఫొటోల బాపతు, వీళ్ళ వల్లే ఆఫీసర్లకు బద్ధకం పెరుగుతోంది" అన్న మెసేజ్ ఈ వారం మూడు గ్రూపుల్లో వచ్చింది. పంపినవాళ్ళలో మా బాబాయి కూడా ఉన్నాడు కాబట్టి ఓపిగ్గానే చెప్తాను.

ముందు పన్నుల సంగతి. పన్ను డబ్బుతో పోలియో చుక్కలు కొనొచ్చు, నర్సమ్మకు జీతం ఇవ్వొచ్చు. తలుపు ఎవరు తీయిస్తారు? డిగ్రీలో ఉండగా నేను రెండుసార్లు పల్స్ పోలియో డ్యూటీకి వెళ్ళాను. ఆదివారం బూత్ తేలికే, అసలు పని సోమవారం నుంచి: ఇల్లిల్లూ తిరిగి పిల్లల ఎడమ చిటికెనవేలి మీద సిరా గుర్తు చూసి, అందరికీ పడితే గోడ మీద సుద్దతో 'పి', ఒక్కరు మిగిలినా 'ఎక్స్' రాయాలి, ఎక్స్ పడిన ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. ఒకింట్లో పాప పడుకుంది, రేపు రమ్మన్నారు. మర్నాడూ అదే మాట. మాతో ఉన్న ఆశా అక్క "ఏం వదినా, కాన్పుకి నిన్ను 108 ఎక్కించింది నేనే కదా, పాపని లేపు" అంది. అంతే, రెండు నిమిషాల్లో చుక్కలు పడ్డాయి. ఆ చనువు ఏ టెండర్లో దొరుకుతుంది? ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మీద అనుమానాలు పోగొట్టడానికి మసీదు ఇమాములే ముందుకు రావాల్సి వచ్చింది. 1995లో మొదలైన పల్స్ పోలియోలో ఇలాంటి తిరుగుడు వల్లే 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చే పోలియో) కేసు లేదు.

ఫొటోల బాపతు ఉన్నారు, కాదనను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేవాళ్ళని నేనూ చూశాను. మరి ఐకేపీ కేంద్రంలో, అంటే మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో, ఎండలో నిలబడి వడ్ల తేమ 17 శాతం దాటిందో లేదో చూసే సంఘం అక్కలు ఏ ఫొటో కోసం? సంఘానికి కమిషన్ వస్తుంది, తమ వడ్లూ ఆ కుప్పల్లోనే ఉంటాయి. అవసరం ఉండి చేస్తున్నారు, అందులో తప్పేముంది?

బద్ధకం మాట మాత్రం సగం నిజం. బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలకు బిల్లులు నెలల తరబడి ఆగి, కిరాణా కొట్లో అప్పు పెరుగుతుంటే దాన్ని భాగస్వామ్యం అనడం సిగ్గుచేటు. కానీ దానికి బిల్లు కోసం నిలదీయాలి గానీ, వంట మానేయమంటే ఎలా? పైగా లోపలికి వెళ్ళినవాడికే లోపం కనపడుతుంది. చుక్కల సీసా లేబుల్ మీద వలయంలో చిన్న చదరం ఉంటుంది, అది వలయమంత ముదురు రంగుకి వస్తే ఆ మందు పారేయాలి. ఒకసారి మా బూత్‌కి వచ్చినవి అలాగే ఉన్నాయి. ఫోన్ చేసి గొడవపడితే గంటలో కొత్తవి పంపారు. డ్యూటీకి వెళ్ళకపోతే ఆ చదరం సంగతే నాకు తెలిసేది కాదు బాబాయ్.