శుభం పలకని తాడు

తెలుగులో పడటానికి మర్యాద లేదు. ప్రేమలో పడ్డాడన్నా, అప్పుల్లో పడ్డాడన్నా, మంచాన పడ్డాడన్నా ఇంట్లోవాళ్లు ఒకేలా నిట్టూరుస్తారు. ఎక్కడం అలా కాదు. గద్దె ఎక్కొచ్చు, గుర్రం ఎక్కొచ్చు, పెళ్లిపీటలు ఎక్కొచ్చు, సింహాద్రి అప్పన్న మెట్లు ఎక్కొచ్చు. అన్నీ శుభాలే. అందుకని విశాఖపట్నంలో ఎవరైనా రాక్ క్లైంబింగ్ మొదలుపెడతానంటే, ఎక్కే సంగతి తెల్లవార్లూ మాట్లాడుకోవచ్చు. పడే సంగతి ఎత్తామా, శుభం పలకరా మంకెన్నా అని నోరు మూయిస్తారు.

ఈ ఆటేమో పడటంతోనే మొదలవుతుంది. మన ఊరి ఆచారాలకు ఇది ఎంత విరుద్ధమో బయటపెట్టడం బాధ్యత గల పౌరుడిగా నా విధి.

నాకీ అనుభవం మా బామ్మర్ది పుణ్యమా అని దక్కింది. రుషికొండ మీద ఐటీ ఉద్యోగం. కుర్చీలో కూర్చుని కూర్చుని 92 కిలోలయ్యాడు. ఒకరోజు ఫోన్ నా ముక్కు కింద పెట్టాడు. "చూడు బావా, ఈయన అలెక్స్ హానల్డ్. తాడు లేదు, ఏటీ లేదు. తొమ్మిదొందల మీటర్ల కొండ నాలుగ్గంటల్లోపు ఎక్కేశాడు."

నిజమే. 2017 జూన్ 3న, అమెరికాలో ఎల్ కాపిటన్ అనే నిట్టనిలువు బండని ఆయన అలాగే ఎక్కాడు. అంతకుముందు అదే దారిని తాడు కట్టుకుని మళ్లీ మళ్లీ ఎక్కి, ఏ వేలు ఏ గంటు మీద పెట్టాలో పంచాంగంలా కంఠతా పట్టిన సంగతి మాత్రం ముప్పై సెకన్ల వీడియోలో ఇమడలేదు. పక్కనే ఉన్న మా అత్తయ్య అంతా విని, "తాడు లేకుండా ఎక్కేవాళ్లుండగా నీకు తాడెందుకురా, దండగ ఖర్చు" అంది. పొదుపు మా ఇంట్లో తల్లి వైపు నుంచి వచ్చింది.

సామాన్లు కొనే క్రమంలో కూడా మావాడు శాస్త్రం తప్పలేదు. ముందు బూట్లు, తర్వాత చలవద్దాలు, ఆ తర్వాత ఛాతీకి తగిలించుకునే కెమెరా. తాడు అన్నిటికన్నా చివర. ఫిషింగ్ హార్బర్ దగ్గర కిలో లెక్కన తూచి ఇచ్చే నైలాన్ తాడు తెచ్చాడు. "బోట్లనే కట్టేస్తారు బావా, నన్ను ఆపలేదా?"

ఆపుతుంది. బాగా ఆపుతుంది. చిక్కంతా అక్కడే. బోటు కట్టిన తాడుని లాగుతుందే గాని, దాని మీద పై నుంచి వచ్చి పడదు. మనిషి పడతాడు. తగినంత సాగని తాడు మీద పడితే తాడు తెగకపోయినా, ఆ కుదుపంతా నడుం పుచ్చుకుంటుంది. అందుకే ఎక్కేవాళ్ల కోసం సాగే తాడు వేరే ఉంది, డైనమిక్ రోప్ అంటారు. దాని వెంట వచ్చే కాగితం చదివి నేను చెవులు మూసుకున్నాను. ఇన్ని సార్లు పడినా తట్టుకుంది అని అంకె వేసి మరీ అచ్చేశారు! 80 కిలోల దిమ్మ కట్టి, ఘోరంగా పడేలా కనీసం 5 సార్లు వదిలి చూడాలని నియమమట. పెళ్లి శుభలేఖ అడుగున విడాకుల లాయరు ఫోన్ నంబరు వేసినట్టుంది.

మన తాటితోపుల్లో కల్లు గీసేవాళ్లకి ఈ సంగతి తరాలుగా తెలుసు. మోకు లేనిదే చెట్టుకి కాలు తగలనివ్వరు. కట్టుకునేముందు ఎక్కడైనా నలిగిందేమోనని వేళ్లతో తడిమి చూసుకుంటారు. అయితే వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటే దాన్ని అడ్వెంచర్ అనరు కదా.

ఇక ఎక్కడ ఎక్కాలి? ఊరినిండా కొండలే. డాల్ఫిన్ నోస్ మావాడికి మొదటి చూపులోనే నచ్చింది, కానీ అక్కడ నేవీ వాళ్లున్నారు, వాళ్లకి సెల్ఫీల మీద సదభిప్రాయం లేదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలన్నాడు. అవి వేల ఏళ్ల ఇసుక. ఎక్కితే మనతోపాటు చరిత్ర కూడా కిందికి జారుతుంది. కంబాలకొండ అటవీశాఖది. మిగిలినచోట్ల ఎక్కువగా ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ ఎర్రబారి, పొరలు విడిచి, పట్టుకున్న ముక్క చేతికొచ్చే రకం. దీనికి పరీక్ష మన ఆడవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటారు చూడండి, అదే. పిడికిలితో తడితే రాయి గట్టిగా పలకాలి. డొల్లగా మోగితే దాని మీద బరువు వేయకూడదు. నలభై రూపాయల కుండకి చూపించే అనుమానం కొండకి చూపించడం మావాడికి నామోషీ.

తాడు తగిలించుకోడానికి బండలో ఎవరో ఎప్పుడో దిగ్గొట్టిన బోల్టు కనిపించినా ఇదే లెక్క. సముద్రపు గాలి సంగతి ఎంవీపీ కాలనీలో కిటికీ గ్రిల్ ఉన్న ప్రతివాడికీ తెలుసు. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పైకి మెరుస్తూనే లోపల చీలిపోగలదు. థాయిలాండ్ తీరపు కొండల్లో ఈ బాధ పడలేక టైటానియం బోల్టులు వేసుకున్నారు.

చివరికి డార్జిలింగ్‌లో కోర్సు చేసొచ్చిన ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాం. అక్కడి పర్వతారోహణ సంస్థ 1954లో పెట్టింది. మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ముందు భువనగిరి బండ మీద తాడుతో నేర్చుకుని, తర్వాత డార్జిలింగ్ వెళ్లి, 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఇది చెబితే మావాడు ఎవరెస్ట్ దగ్గర తలూపాడు, భువనగిరి దగ్గర ఫోన్ చూసుకున్నాడు.

ఆదివారం ఆరింటికి రమ్మన్నాడు కోచ్. తొమ్మిది దాటితే మన ఎండకి బండ పెనమవుతుంది, చెమటకి వేళ్లు జారతాయి. ఊరికి ఉత్తరాన మూడంతస్తుల మేడంత గుట్ట. ముందు కొండ తేనెపట్టు ఎక్కడైనా ఉందేమోనని చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత పైకి నడిచివెళ్లి, తాడు దూరే కొక్కేన్ని ఒక్క రాయికి కాకుండా మూడు వేర్వేరు చోట్ల కట్టి, ఏది వదిలినా మిగతావి పట్టేలా చేశాడు. అందులోంచి తాడు రెండు కొసలూ కిందికి వదిలాడు, ఒకటి ఎక్కేవాడికి, ఒకటి కింద పట్టేవాడికి. ఒక్క రాయినీ నమ్మని మనిషి! తాడు చివర ఒక ముడి కూడా వేశాడు. ఎందుకయ్యా అంటే, పై నుంచి మనిషిని దించేటప్పుడు తాడు చాలకపోతే చివర కొస చేతిలోంచి జారిపోతుందట. ఒక్కటంటే ఒక్క మంగళకరమైన మాట ఆ నోట రాలేదు.

అసలు అవమానం తర్వాత ఉంది. ఎక్కేవాడి ముడిని కింద తాడు పట్టేవాడు చూడాలి, పట్టేవాడి నడుం పట్టీ బకిల్‌నీ, తాడు తగిలించిన కొక్కేన్నీ ఎక్కేవాడు చూడాలి. కళ్లతో కాదు, చేత్తో లాగి చూడాలి. ప్రతిసారీ. బావాబామ్మర్దుల మధ్య ఇలాంటి తనిఖీ చివరిసారి జరిగింది కట్నం లెక్కప్పుడు.

"ఏం బావా, నామీద నమ్మకం లేదా?" అన్నాడు మావాడు, ఎనిమిది ఆకారంలో ముడి సగం వేసి. అంతలో ఫోన్ మోగింది. అత్తయ్య. టిఫిన్‌కి ఇడ్లీనా, పెసరట్టా? పెసరట్టని తేల్చి, ఫోన్ జేబులో పడేసి, బండ మీద చెయ్యి వేశాడు. ముడి సగంలోనే ఉంది. మొహమాటం నా గొంతు దాకా వచ్చి కూర్చుంది. ఇంటి అల్లుణ్ణి, నోరు తెరిచి అంటే బాగుంటుందా?

కోచ్‌కి మా ఇంటితో చుట్టరికం లేదు కాబట్టి ఆపాడు. 1989లో ఫ్రాన్స్‌లో లిన్ హిల్ అనే ఆవిడ, అప్పటికే ప్రపంచంలో పేరున్న క్లైంబర్, ఇలాగే ధ్యాస మళ్లి ముడి పూర్తి చేయడం మరిచి పైదాకా ఎక్కేసింది. దిగుదామని తాడు మీద వాలితే తాడు లేదు. ఇరవై మీటర్ల పైనుంచి పడింది. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. నాలుగేళ్లకి మళ్లీ అదే ఎల్ కాపిటన్‌కి వెళ్లి, అంతవరకు ఎవరూ తమ కాళ్లూ చేతుల బలంతోనే ఎక్కలేకపోయిన నోస్ అనే దారిని మొదటిసారి అలా ఎక్కింది. "ముడి వేసేటప్పుడు ఎవరూ మాట్లాడించకూడదు సార్," అన్నాడు కోచ్. మా అత్తయ్యకి ఈ నియమం ఎవరు చెబుతారో అడగలేదు.

నా బరువు 58. తాడు రెండో కొస పట్టింది నేను. కోచ్ నన్ను వెనక నుంచి ఒక బండకి కట్టేశాడు, గేదెని గుంజకి కట్టినట్టు. నాకు హెల్మెట్ ఎందుకు, నేను ఎక్కడం లేదుగా అన్నాను. రెండు నిమిషాలకి పై నుంచి "రాయి!" అని కేక, నెత్తి మీద టక్కుమని నిమ్మకాయంత ముక్క. హెల్మెట్ తీసి ఆ గీత చూసుకుని మళ్లీ పెట్టుకున్నాను, ఈసారి పట్టీ బిగించి.

మావాడు మనిషెత్తు పైకి వెళ్లాక కోచ్ పాఠం మొదలుపెట్టాడు. "ఇప్పుడు పడండి సార్."

"పడటమా?"

"చేతులు వదిలేయండి. కాళ్లు బండకేసి పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలండి."

రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునేవాడికి ఈ ఒక్క కుర్చీ నచ్చలేదు. వేళ్లు తెల్లబడ్డాయి. ఎడమకాలు కుట్టుమిషన్ పెడల్‌లా ఆడుతోంది. ఛాతీ మీది కెమెరా బండలో ఒక చీమని ఐదు నిమిషాలు శ్రద్ధగా చిత్రీకరించింది. ఆఖరికి ధైర్యంతో కాదు, ఓపిక అయిపోయి వదిలాడు. తాడు సాగింది, నా కాళ్లు నేలని వదిలాయి, వెనక బండ నన్ను ఆపింది. మావాడు గాల్లో ఊయలలా ఊగుతూ కళ్లు తెరిచాడు. కాసేపు ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. పెళ్లయి ఏడేళ్లు. వాడు నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదలు.

కిందికి దిగాక, "ఇంకోసారి బావా," అన్నాడు. అనేముందు తన ముడి చూసుకున్నాడు, నా కొక్కేన్ని లాగి చూశాడు.

ఇంటికొచ్చేసరికి పెసరట్లు చల్లారిపోయాయి. గుమ్మంలోనే అత్తయ్య అడిగింది, "పడలేదు కదా నాయనా?"

"పదకొండు సార్లు పడ్డానమ్మా," అన్నాడు మావాడు, ర్యాంకు వచ్చినట్టు.

ఆవిడ మాట్లాడకుండా లోపలికి వెళ్లి గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చింది. వాడికి తిప్పింది, నాకు తిప్పింది. మూల కుర్చీ మీద చుట్టగా పడున్న తాడుని ఓ క్షణం చూసి, దానికీ మూడుసార్లు తిప్పింది.