ఉప్పు బోరు నీళ్లకు ఏ గీజరు?
నీళ్లు నిల్వ ఉంచకుండా అప్పటికప్పుడు కాచే ఇన్‌స్టంట్ గీజరు అందరికీ చాలునని గీజర్ల మీద వచ్చిన వ్యాసంలో రాశారు. రాజోలు, నరసాపురం వైపు ఉప్పు బోర్లకు ఆ మాట కుదరదండి. 3 కిలోవాట్ల కాయిల్ మీద తెల్లగా సున్నం పెచ్చు కడితే నీళ్లలోకి వేడి దిగదు, కాయిలే మాడిపోతుంది. 15 లీటర్ల స్టోరేజీ గీజరు, గ్లాస్‌లైన్ ట్యాంకుది (లోపల గాజు పూత ఉన్నది) తీసుకోండి. 2 కిలోవాట్లతో 25 డిగ్రీల నీళ్లు 55కి రావడానికి పావుగంట పైచిలుకు పడుతుంది. అసలు కీలకం లోపలి మెగ్నీషియం రాడ్డు: ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు అదే తింటుంది. ఏడాదికోసారి కరెంటు కట్టేసి, నీళ్లు దించి చూడండి. పెన్సిలంత సన్నబడి లోపలి తీగ బయటపడితే మార్చేయాల్సిందే. అడగందే మెకానిక్ దాని ఊసెత్తడు లెండి. కాలవ నీళ్ల కుళాయి ఉంటే ఇన్‌స్టంట్ సరే. దేనికైనా 16 ఆంప్స్ సాకెట్, సరైన ఎర్త్ ఉండాలి.