మహారాజశ్రీ హమ్ గారికి

మహారాజశ్రీ హమ్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడిగే పని లేదు, స్పీకరులోంచి గుయ్యిమనే కరెంటు రొదగా వినిపిస్తూనే ఉన్నారు.

మన పరిచయం మొదలై ఏడాది దాటింది. పాత ఎల్పీ రికార్డుల పెట్టె ఒకటి నా చేతికి రావడం, "వాల్వు ప్రీయాంపులో వింటే ఆ తీపే వేరు" అని ఎవరో అనడం, సూది నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే ఆ డబ్బా కోసం నేను రెండు ఈసీసీ83 వాల్వులు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) కొని సోల్డరింగ్ ఐరన్ పట్టడం, అన్నీ ఒక్క నెలలో జరిగిపోయాయి. మొదటిసారి స్విచ్చి వేసి, వాల్వుల్లో నారింజ వెలుగు చూసి మురిసిపోయి, వాల్యూము పెంచాను. కచేరీ మొదలైంది. మీది.

వంటింట్లోంచి మా మేనత్త వచ్చింది. ఆవిడకు సంగీతం వచ్చు. "శ్రుతి ఎవర్రా పెట్టింది? అయిదు కట్టె కాదు, అయిదున్నరా కాదు" అంది. అత్తయ్య చెవి నిఖార్సైనది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభైసార్లు ఊగుతుంది, మీ స్వరమూ అదే. అది ఆ రెండింటి మధ్య ఎక్కడో వేలాడుతుంది. అమెరికాలో 60 కాబట్టి అక్కడ ఆరున్నరకీ ఏడుకీ మధ్య పాడతారు. ఏ దేశంలోనూ మీరు శ్రుతిలో కలిసిన పాపాన పోలేదు.

పైగా మర్యాదలొకటి మీకు. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని అణచి కోస్తారు, ప్రీయాంపు దాన్ని మళ్ళీ పైకెత్తాలి. 1954 నాటి ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర ఆ ఎత్తు సుమారు 17 డెసిబెల్స్, అంటే మధ్యస్థాయికి ఏడు రెట్లు. సూది నుంచి వచ్చేదే అయిదారు మిల్లీవోల్టులు. పిలవని పేరంటానికి వచ్చిన తమకు ఏడు విస్తళ్ళు!

మీ వంశచరిత్ర కూడా తిరగేశాను. పాత మోటారు కారు బ్యాటరీలో మూడు సెల్లులు, ఒక్కోటి 2.1 వోల్టులు. వాల్వును లోపలి నుంచి వేడిచేసే హీటరు తీగకు 6.3 వోల్టులు అక్కడి నుంచి వచ్చినవే. బ్యాటరీ కరెంటు ఊగదు కాబట్టి ఆ ఇంట్లో మీరు పుట్టే ప్రసక్తే లేదు. 1927లో ఆర్‌సీఏ వారి 227 లాంటి వాల్వులొచ్చాయి. హీటరును ఎలక్ట్రాన్లు వెదజల్లే కేథోడు గొట్టంలో దాచి, మధ్యన గోడ కట్టి, ఇక ఇంటి కరెంటుతోనే వెలిగించుకోవచ్చన్నారు. ఆ గోడ బీటల్లోంచే కదా తమరి రాకపోకలు.

నేను మొదట వాల్వులను అనుమానించాను. మార్చాను. ట్రాన్స్‌ఫార్మరును అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక మహానుభావుడు ఎర్త్ వైరు పీకి చూడమన్నాడు, లోపల 250 వోల్టులున్న డబ్బాకి! నేను తీద్దామనుకున్నది మీ ప్రాణం గానీ నాది కాదు కాబట్టి ఆ సలహా వినలేదు.

చివరికి కోఠి గుజరాతీ గల్లీలో కనబడిన ఓ ముసలి మెకానిక్ ముందు డబ్బా తెరిచాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "హీటరు వైర్లు పేనినవా, ఊకనే పరిసినవా?" అన్నాడు. పరిచాను, ముగ్గు వేసినట్టు, నేరుగా పాట లోపలికెళ్ళే గ్రిడ్ పిన్నుల పక్కనుంచే. "నులక తాడు పేనినట్టు పేను బిడ్డా. ఎదురెదురు పోయే కరెంటు ఒకదాన్నొకటి మింగుతది. మూలకు, రేకుకు ఆనిచ్చి తీస్కపో. మరి హీటరుకు ఎర్తు ఏడ ఇచ్చినవ్?"

ఎక్కడా ఇవ్వలేదు. అసలు ఇవ్వాలని తెలియదు.

హీటరు వైర్లు రెంటి నుంచీ చెరో 100 ఓముల రెసిస్టరు ఛాసిస్‌కి, అంటే డబ్బా రేకుకి, తగిలించాలి, అంతే. ఒక వైరు ఎంత పైకెళ్తే రెండోది అంత కిందికి దిగుతుంది, గ్రిడ్డుకు అందేది దాదాపు సున్నా. ఆ రెండు రెసిస్టర్ల ఖరీదు దారిలో తాగిన చాయ్ కంటే తక్కువ. మార్చిన వాల్వుల ఖరీదు ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఆ రాత్రి మీ గొంతు సగం పైగా పడిపోయింది. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? హీటరుకు డీసీ (ఊగని కరెంటు) ఇద్దామని డయోడ్ల బ్రిడ్జి, పెద్ద కెపాసిటరు, 6 వోల్టుల రెగ్యులేటరు బిగించాను. డయోడ్లే వోల్టున్నర మింగుతాయనీ, రెగ్యులేటరుకు పైన ఇంకో రెండు వోల్టులు మిగలాలనీ ఆలోచించలేదు. 50తో ఒంటరిగా వెళ్ళిన మీరు 100తో, జంటగా, బుసకొడుతూ తిరిగొచ్చారు. అత్తయ్య ఇట్టే పట్టేసింది: "పై స్థాయి అందుకున్నట్టున్నాడే!"

అంతా పీకేసి, ఎమర్జెన్సీ లైటులోని 6 వోల్టుల బ్యాటరీని హీటర్లకు తగిలించాను. మొదటి రోజే చేయవలసిన పని. బ్యాటరీ మీద కూడా మీరు పాడుతుంటే నేరం హీటరుది కాదు, ఎర్త్ లూపుదో (ఎర్త్ వైర్లు కలిసి వలయం కట్టడం), ఆ 250 వోల్టుల హెచ్‌టీ సరఫరా ఫిల్టరుదో. మీరు పాడలేదు. బ్యాటరీ ఇంటి గాలి సోకగానే ఎంత అణకువ!

దాంతో దారి దొరికింది. హీటరూ వేడెక్కిన లోహమే, దాని నుంచీ ఎలక్ట్రాన్లు రాలి కేథోడు వైపు జారుకుంటాయి. హీటరును పాజిటివ్‌గా ఉంచితే గడప దాటవు. మళ్ళీ ఊగే ఏసీ కరెంటుకే వచ్చి, ఆ రెండు రెసిస్టర్లు కలిసే చోటును ఛాసిస్ నుంచి విప్పి, హెచ్‌టీ నుంచి తీసిన 40 వోల్టుల మీద కూర్చోబెట్టాను, పక్కన ఒక కెపాసిటరును కాపలా పెట్టి. పీఠం ఎక్కించగానే నోరు మూసేవాళ్ళను చాలామందిని చూశాం, తమరూ ఆ తానులో ముక్కే.

ఇప్పుడు స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప వినబడరు. రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ఆనిస్తున్నాను.

"శ్రుతి ఆపేశావు సరే, పాటేదిరా?" అని అత్తయ్య నిన్న అడిగింది. రికార్డుల పెట్టె ఇంకా తెరవలేదు.

ఇట్లు,
తమ నిత్య శ్రోత