రామానుజన్ పట్టికలో లేని సంఖ్య

చెన్నై ట్రిప్లికేన్‌లో, పార్థసారథి గుడికి నాలుగు వీధుల అవతల ఒక మేడ మీద వాటా. అత్తయ్య రిటైరైన లెక్కల టీచరు. మేనల్లుడు టీ నగర్‌లో ఓ నగల కొట్టులో అకౌంట్లు రాస్తాడు. ఇద్దరి మధ్యా పాల బిల్లు, దాని వెనక పెన్సిల్‌తో 293318625600.

అల్లుడు: ఇరవై తొమ్మిది వేల మూడు వందల ముప్ఫై ఒక్క కోట్ల చిల్లర. డబ్బయితే సరే. ఉత్త సంఖ్యకి ఇంత హడావుడి ఎందుకత్తా?

అత్తయ్య: దీనికి 5040 భాజకాలున్నాయిరా, అంటే దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు. దీనికంటే చిన్నవాటిలో దేనికీ అన్ని లేవు. ఇలాంటివాటిని అతిసంయుక్త సంఖ్యలంటారు.

అల్లుడు: కూర్చుని లెక్కపెట్టావా?

అత్తయ్య: ఎందుకూ? (బిల్లు వెనక రాస్తూ) ఇదిగో, 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19 ఒక్కోసారి. వీటిని గుణిస్తే ఈ సంఖ్య. ఇందులోంచి భాజకం తయారు చెయ్యాలంటే 2ని అసలు తీసుకోకపోవచ్చు, ఆరూ తీసుకోవచ్చు, అంటే ఏడు దారులు. 3కి ఐదు, 5కి, 7కి మూడేసి, మిగతా నాలుగింటికీ రెండేసి. గుణించుకో.

అల్లుడు: (ఫోన్‌లో నొక్కి) సరే, 5040. అయినా ఇదో బిరుదు, అంతేగా. దీని అంకెలు కూడితే 45, ఆ 45తో ఇది శేషం లేకుండా పోతుంది. కాబట్టి హర్షద్ సంఖ్య. దేవ్‌లాలీలో స్కూల్ మాస్టారు కాప్రేకర్ పెట్టిన పేరు. ఇలా వెతికితే ఏ సంఖ్యకైనా ఓ శాలువా కప్పొచ్చు.

అత్తయ్య: అక్కడే పప్పులో కాలేశావు. హర్షద్ అనేది మనం రాసే తీరును బట్టి ఉంటుంది. 27 తీసుకో. 2, 7 కలిపితే 9, దానితో పోతుంది. అదే కంప్యూటర్ రాతలో 11011, కూడితే 4. 4తో 27 పోతుందా? భాజకాలు అలా మారవు, ఎలా రాసినా 5040 ఉంటాయి.

అల్లుడు: మరి రామానుజన్ 1915లో ఈ అతిసంయుక్త సంఖ్యల మీదే పెద్ద వ్యాసం రాశాడు. పట్టిక కూడా ఇచ్చాడు. అందులో ఇది లేదు! ఆయన కంటికే ఆననిది అంత గొప్పదా?

అత్తయ్య: (నవ్వి) నా వాదన నువ్వే చెబుతున్నావు. ఆయన రాయకపోతే దీనికి భాజకాలు తగ్గాయా? పైగా దీన్ని పట్టుకునే సూత్రం ఆయన చెప్పిందే. 2 నుంచి 19 దాకా ఏది ఎన్నిసార్లో వరసగా చూడు, 6, 4, 2, 2, 1, 1, 1, 1, ఎక్కడా పెరగవు. 2 నాలుగుసార్లు, 3 ఆరుసార్లు వేస్తే భాజకాలు అన్నే, సంఖ్య మాత్రం రెండు రెట్లు దాటిపోతుంది. అప్పుడు చిన్నదే గెలుస్తుందిగా?

అల్లుడు జవాబు చెప్పలేదు. ఫోన్‌లో ఒక్కో అంకెతో భాగించుకుంటూ పోయాడు. కాఫీ మీద మీగడ కట్టింది.

అల్లుడు: 1 నుంచి 22 దాకా అన్నిటితోనూ పోయిందత్తా. 23 దగ్గర ఆగింది.

అత్తయ్య: బిల్లు వెనక 23 రాశానా?