మీసాలు మింగేసే ఫిల్టర్

తెలిసినవాళ్ల పిల్లి ఫొటోను ఈమధ్య పెయింటింగ్‌గా మార్చబోయాను. ఫొటో బాగానే ఉంది. పిల్లి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది, ముఖం మీద వెలుగు పడుతోంది. ఆయిల్ పెయింట్ ఫిల్టర్ నొక్కగానే ముచ్చటగా తయారైంది. పరదా మీద కుంచె గీతలు, పిల్లి ఒంటి మీదా కుంచె గీతలు. ఏదో తేడాగా ఉందనిపించింది కానీ అదేమిటో వెంటనే తట్టలేదు. కాసేపటికి చూద్దును కదా, పిల్లికి మీసాలు లేవు. కళ్లలో మెరుపూ పోయింది.

ఫిల్టర్ చెడిపోయి ఇలా జరగలేదు. దాని పనే అది. ఫొటోకు పెయింటింగ్ లుక్ తెచ్చే పద్ధతుల్లో బాగా పేరున్నది కువహారా ఫిల్టర్. దాన్ని 1970లలో జపాన్‌లో తయారుచేసింది బొమ్మల కోసం కాదు, గుండె స్కాన్ చిత్రాల్లో మచ్చలూ చుక్కలూ తగ్గించడానికి. ఒక్కో పిక్సెల్ చుట్టూ ఉన్న చదరాన్ని అది నాలుగు భాగాలు చేస్తుంది. ఏ భాగంలో రంగుల తేడా అన్నిటికన్నా తక్కువో చూసి, దాని సగటు రంగును ఆ పిక్సెల్‌కు పూస్తుంది. దాంతో అంచులు చెక్కుచెదరవు, లోపలంతా నున్నగా అవుతుంది. మన కంటికి అది కుంచెతో పూసిన రంగులా కనిపిస్తుంది. అయితే మీసం వెడల్పు ఒకటి రెండు పిక్సెళ్లే. మీసం ఉన్న భాగంలో రంగుల తేడా ఎక్కువ కాబట్టి ఫిల్టర్ పక్క భాగాన్ని ఎంచుకుంటుంది, మీసం మాయమవుతుంది. కంట్లో తెల్లచుక్క గతీ అంతే. స్కాన్‌లో తుడిచేయాల్సిన చుక్కకూ పిల్లి కంట్లో ప్రాణం నిలిపే చుక్కకూ తేడా దానికెలా తెలుస్తుంది?

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో నీటిరంగులతో వేసిన కుందేలు వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో ఉంది. ఆ కుందేలు కంట్లో కిటికీ ప్రతిబింబం కనిపిస్తుంది. మీసాలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. వెనక మాత్రం ఏమీ లేదు, ఖాళీ కాగితం, కింద కాస్త నీడ. ఉన్న శ్రద్ధంతా కుందేలుకే ఇచ్చేశాడు. బొమ్మ వేయడమంటే పక్షపాతం చూపించడమే. ఫిల్టర్‌కు ఆ పక్షపాతం లేదు. పరదాకూ ముక్కుకూ సమానంగా పంచుతుంది.

బొచ్చు దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జంతువు ఒంటి మీద వెంట్రుకలు ఒకే వైపు పోవు. ముక్కు మీద పొట్టిగా మొదలై నుదుటి వైపు ఎక్కుతాయి, చెంపల మీద వెనక్కి తిరుగుతాయి, మెడ దగ్గర పొడవై కిందికి జారతాయి, ఛాతీ మీద ఒక్కోసారి సుడి తిరుగుతాయి. గీత ఆ దారి తప్పితే కింద ఎముక ఉన్నట్టే అనిపించదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనికి భయపడి ఒక్కో వెంట్రుకా గీస్తూ గంటలు గంటలు కూర్చుంటారు. చివరికి కుక్క కాస్తా చీపురు కట్టలా తయారవుతుంది. చేయి తిరిగినవాళ్లు ముందు నీడలూ వెలుగులూ ముద్దలుగా వేసుకుంటారు, ఆ రెండూ కలిసే అంచున మాత్రం నాలుగు వెంట్రుకలు లాగుతారు. మిగతావి చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది.

అసలు ఫొటోను అంతగా నమ్మడమే పొరపాటు. నల్ల కుక్కను తీస్తే చాలాసార్లు ఒళ్లంతా ఒకే నల్ల మచ్చగా వస్తుంది. నిజానికి నల్లబొచ్చు మీద ఆకాశం నీలంగా మెరుస్తుంది, ఎండలో గోధుమ ఛాయ తేలుతుంది. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే మూతి ఉబ్బిపోతుంది. ఫ్లాష్ వేస్తే కంటి వెనక ఉండే అద్దం లాంటి పొర వెలుగును తిప్పికొట్టి కళ్లు పచ్చగా వెలుగుతాయి. ఫొటో మీద గీతలు దిద్దుకుంటూ పోతే ఈ తప్పులన్నీ పెయింటింగ్‌లోకీ వచ్చేస్తాయి. చనిపోయిన పెంపుడు జంతువుకు ఒక్కోసారి మిగిలేది ఇలాంటి ఫొటో ఒక్కటే. ఆ తప్పులు సరిచేయగలగడమే పెయింటింగ్‌గా మార్చడంలో ఉన్న అసలు లాభం.

ఏఐ వచ్చింది కదా, ఇంకా ఈ తంటా ఎందుకంటారా? 2015లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక చిత్రం శైలిని న్యూరల్ నెట్‌వర్క్ అనే ఏఐ పద్ధతితో మరో ఫొటో మీదికి తీసుకురావచ్చని చూపించారు. మరుసటి ఏడాదికల్లా అది ఫోన్ యాప్‌లలోకి దిగింది. అందులోనూ కుంచె గీతలు అంతటా ఒకేలా పరుచుకునేవి. ఇప్పటి ఏఐ టూల్స్ అలా కాదు, మీసాలు పెడతాయి, కంట్లో మెరుపూ పెడతాయి. కానీ అడగకుండానే చిరిగిన చెవిని అతికించేస్తాయి, ఒక పక్కకే ఉన్న మచ్చను రెండు పక్కలా సర్దేస్తాయి. అందమైన కుక్క వస్తుంది, అది మన కుక్క కాదు. నన్నడిగితే ఉన్నదాన్ని చెరిపేసిన ఫిల్టరే నయం, లేనిదాన్ని కల్పించలేదు. యజమాని ముందుగా వెతికేది ఆ చిరిగిన చెవినే.

ఫొటో మీద గీయడం మోసమా కాదా అనే వాదన మీద నాకు ఆసక్తి లేదు. ఫొటో ఎవరిదన్నది మాత్రం చూసుకోవాలి. కుక్కపిల్లలను ఎత్తుకుని కూర్చున్న ఒక జంట ఫొటోను చూసి అమెరికా కళాకారుడు జెఫ్ కూన్స్ శిల్పం చేయిస్తే, ఫొటోగ్రాఫర్ కోర్టుకెక్కాడు. 1992లో అమెరికా అప్పీల్ కోర్టు కూడా ఆ ఫొటోగ్రాఫర్ వైపే తీర్పిచ్చింది. మాధ్యమం మారిందన్న మాట అక్కడ చెల్లలేదు.

ఆ కిటికీ పక్క పిల్లి విషయానికొస్తే, ఫిల్టర్‌ను పూర్తిగా తీసేయలేదు. పరదాకు అది బాగానే నప్పింది. మాస్క్ వేసి ముఖం మీద మాత్రం దాన్ని తొలగించి, పైన కొత్త లేయర్ (పొర) పరిచి దాని మీద చేత్తో వేశాను. మీసాన్ని మొదట్లో నొక్కి, చివరికొచ్చేసరికి స్టైలస్ పెన్ను తేల్చేస్తూ ఒక్క ఊపులో లాగాలి. మెల్లగా గీస్తే తీగలా వంకర్లు పోతుంది. అండూ ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. ఆఖర్న కళ్లలో చెరో తెల్లచుక్క పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే పిల్లికి మెల్లకన్ను వచ్చినట్టుంది. ఉన్నది ఒకటే కిటికీ అయినా నేను ఒక చుక్క ఎడమవైపు, ఒకటి కుడివైపు పెట్టాను. రెండోదాన్ని కాస్త ఎడమకు జరిపాక పిల్లి మళ్లీ కిటికీలోంచి బయటికి చూడసాగింది.